అట్టపెట్టెల అక్క, గోదాము తమ్ముడు

జనవరి 11

చిన్నోడికి,

ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నానక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు కదా, అందుకని రాస్తున్నాను. కూర్చుని మొత్తం చదువు.

నిన్న పొద్దున రేడియోలో నీ గొంతు విన్నాను. నేనొక్కదాన్నే కాదు, షెడ్డంతా విన్నది. మేస్త్రి కోత మిషను మీద అట్ట పెడుతూ "అక్కా, మన చిన్నబాబు మాట్లాడుతున్నాడు!" అని కేక పెడితే నేనే మిషను ఆపించాను. జిగురు పూసే ఆడవాళ్ళిద్దరూ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. మా తమ్ముడు పెద్ద కంపెనీలో పెద్ద అధికారి అని నా మొహం వెలిగిపోతోంది అప్పటికి.

అప్పుడు నువ్వేమన్నావు? "తాతల నాటి మిషను, నలుగురు మనుషులు, ఒక రేకుల షెడ్డు. ఇలాంటివి ఎన్ని ఉన్నా దేశానికి ఒరిగేదేమీ లేదు. ఆర్థిక వ్యవస్థని నిలబెట్టేవి పెద్ద సంస్థలే" అన్నావు. నలుగురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మేస్త్రి మర్యాదస్థుడు, పోయి మళ్ళీ మిషను వేసుకున్నాడు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

దేశంలో ఇంకే షెడ్డూ దొరకలేదట్రా నీకు? నాన్న ఆ రేకులు ఒక్కొక్కటే కొని, ఒక్కొక్కటే భుజాన మోసుకొచ్చి వేశాడు. వాటి కింద కట్టిన పెట్టెలే నిన్ను చదివించాయి.

అట్టపెట్టెలు కట్టేదానికి ఏం తెలుసనుకుంటున్నావేమో. ఈ ఊళ్ళో ఎవరి వ్యాపారం ఎలా ఉందో బ్యాంకు కంటే ముందు నాకు తెలుస్తుంది. చెప్పులాయన పెట్టెలు ఎక్కువ అడిగాడంటే జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయన్నమాట. కొవ్వొత్తులావిడ అడిగిందంటే కరెంటు సరిగ్గా ఉండట్లేదన్నమాట. నేను చెప్పులాయనకి పెట్టెలిస్తాను, మేస్త్రి ఆయన దగ్గర చెప్పులు కొంటాడు, ఆయన భార్య మందులషాపులో మందులు కొంటుంది, మందులషాపాయన నా దగ్గర పెట్టెలు కొంటాడు. మా డబ్బుకి ఊరు దాటే దారి తెలియదు, తిరిగి తిరిగి మా దగ్గరికే వస్తుంది. మీ కంపెనీలో డబ్బు ఎటు పోతుందో నువ్వే చెప్పు.

ఇంకో మాట. రైలు పట్టాల పక్కన మూతపడ్డ మిల్లు స్థలం మీ కంపెనీకి ఇచ్చారు కదా, అందులో కట్టిన పెద్ద గోదాము వచ్చే నెల తెరుస్తారట. పురపాలక సంఘం వాళ్ళు మీకు ఈ ఏడాది పన్ను కూడా మాఫీ చేశారట. ఇదే పురపాలక సంఘం, నేను పన్ను కట్టడం ఒక్క నెల ఆలస్యమైతే నా తలుపు మీద నోటీసు అంటించింది.

జవాబు రాయి. మీటింగు లేనప్పుడే రాయి.

అక్క

*

జనవరి 20

అక్కకి,

ఉత్తరం ఆఫీసు చిరునామాకి ఎందుకు రాశావు? మా గుమాస్తా దాన్ని తెరిచి, మొదటి పేజీ చదివి, చదవనట్టు మొహం పెట్టుకుని నా బల్ల మీద పెట్టాడు. ఇకనుంచి నా గదికి రాయి.

రేడియోవాళ్ళు నేను చెప్పిన దాంట్లో సగం కోసేశారు. ఆ షెడ్లకి బ్యాంకులు అప్పులివ్వాలని, కొత్త మిషన్లు రావాలని కూడా అన్నాను. అది వేయలేదు. కానీ వేసిన ముక్క నేను అననిదని చెప్పను. అన్నాను. ఇప్పుడూ అంటాను.

నువ్వు బయటివాళ్ళకి చెప్పినట్టు నాకు చెప్తే ఎలా? నేనూ ఆ రేకుల కిందే పెరిగాను. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి దించకుండానే జిగురు డబ్బా పట్టుకునేవాణ్ణి. మన ఇంట్లో సెలవంటే జ్వరం రావడమే. నాన్న రెండు వేళ్ళు మిషనులో పోతే నష్టపరిహారం ఎవరిచ్చారు? మిషను తనదే కాబట్టి తనని తనే అడగాలి. అప్పట్లో జిగురు పూసే ఆవిడ కాన్పుకి వెళ్ళి, బిడ్డనెత్తుకుని తిరిగొస్తే ఆవిడ చోట ఇంకొకరు కూర్చుని ఉన్నారు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. మా కంపెనీలో కాన్పుకి జీతంతో సెలవు ఉంది. తిరిగొస్తే అదే కుర్చీ ఉంటుంది.

నువ్వు మంచిదానివి కాబట్టి నీ మనుషుల్ని బాగా చూసుకుంటావు. రేపు నీ చోట మంచిది కానిది కూర్చుంటే? ఊరంతా మంచివాళ్ళ మీద ఆధారపడి నడవాలా? రోడ్లు, ఓడలు, మందులు, వీటిని చిన్న చిన్న షెడ్లు చేస్తాయా? ఒక్క గోదాముతో మీ ఊళ్ళో మూడువందల ఇళ్ళకి నెలనెలా జీతం వస్తుంది. ఇది తప్పెలా అవుతుంది?

సరే. గోదాముకి పెట్టెలు కావాలి. కొనుగోళ్ళ విభాగానికి నీ షెడ్డు గురించి చెప్పాను. మనిషి వస్తాడు. వాడితో మాత్రం గొడవ పడకు, నీకు దణ్ణం పెడతాను.

తమ్ముడు

*

ఫిబ్రవరి 26

చిన్నోడికి,

మీ కొనుగోళ్ళ అధికారి వచ్చాడు. బూట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని మరీ లోపలికొచ్చాడు, నా నేల ఏదో అంటువ్యాధి ఆసుపత్రి అయినట్టు.

"నిప్పంటుకుంటే బయటికి వెళ్ళే రెండో దారేదండీ?" అన్నాడు.

"ఇంతవరకు అంటుకోలేదండీ" అన్నాను.

"అంటుకుంటే?"

"మొదటి దారిలోనే ఇంకొంచెం గట్టిగా పరిగెడతాం."

నవ్వుతాడనుకున్నాను. రాసుకున్నాడు. నవ్వడానికి కూడా మీ దగ్గర పైవాళ్ళ అనుమతి కావాలేమో.

కానీ ఆర్డరు ఇచ్చాడురా! ఎంతని చెప్పను, కాగితం మీద ఆ అంకె చూసి మేస్త్రి సున్నాలు వేలితో లెక్కపెట్టాడు. రెండో గుమ్మం కొట్టించమన్నాడు, కొట్టించాను. ప్రతి పెట్టె మీదా మీ కంపెనీ గుర్తు అచ్చు వేయమన్నాడు, సరేనన్నాను. ఇంకో కోత మిషను అప్పు మీద తెచ్చాను. కొత్తగా ఇద్దరు ఆడవాళ్ళని పెట్టుకున్నాను. ఇప్పుడు షెడ్డులో మనిషి నడవడానికి చోటు లేదు, పక్కకి తిరిగి నడుస్తున్నాం.

ఒక్కటే నియమం. మీ పెట్టెలు అయ్యేవరకు ఇంకెవరి పనీ ఒప్పుకోకూడదట. కొవ్వొత్తులావిడ వస్తే "తర్వాత చూద్దాంలే" అన్నాను. చెప్పులాయనకీ అదే చెప్పాను. పాపం వాళ్ళ మొహాలు చిన్నబోయాయి. ఏం చేయను, ఉన్నవి రెండు చేతులు.

రేడియోలో అన్న మాటకి మాత్రం నిన్ను క్షమించలేదు. అది వేరు, ఇది వేరు.

అక్క

*

మార్చి 9

అక్కకి,

తొందరలో రాస్తున్నాను. కొవ్వొత్తులావిడని వదలకు. చెప్పులాయననీ వదలకు. నియమం ఉంటే ఉండనీ, చాటుగా అయినా వాళ్ళకి పది పెట్టెలు కట్టివ్వు. ఊళ్ళో డబ్బు ఊళ్ళోనే తిరగాలని రాసింది నువ్వే కదా, ఆ మాట మీద నిలబడు. కొత్త మిషను కూడా ఇప్పుడే తేకుండా ఉంటే బాగుండేది.

ఎందుకని అడగకు. అన్ని మాటలూ కాగితం మీద పెట్టలేను.

తమ్ముడు

*

మార్చి 17

తమ్ముడుగారికి,

అందింది. నీ ఎత్తిపొడుపు అందింది. "ఆ మాట మీద నిలబడు" అట! నాకు ఆర్డరు ఇప్పించినట్టే ఇప్పించి, నేను ఒప్పుకోగానే "చూశావా, నువ్వూ చిన్నవాళ్ళని వదిలేశావు" అని నవ్వుకుంటున్నావా? కొత్త మిషను తేకుండా ఉంటే బాగుండేదా? తాతల నాటి మిషనని రేడియోలో ఎద్దేవా చేసింది ఎవరు? తెస్తే తప్పు, తేకపోతే తప్పు. నీకు నేను ఏం చేసినా తప్పే.

ఇంకొకటి విను. మేస్త్రి మానేశాడు. నాన్న హయాంలో పనిలో చేరినవాడు, మిషను చప్పుడు విని అది ఎక్కడ అరిగిందో చెప్పేవాడు. నిన్న సాయంత్రం చేతులు కడుక్కుని, తలొంచుకుని, "అక్కా, రేపట్నుంచి గోదాముకి వెళ్తున్నా" అన్నాడు. ఎంత ఇస్తారు, నేనూ అంతే ఇస్తానన్నాను. "జీతం గురించి కాదక్కా" అని వెళ్ళిపోయాడు. జీతం గురించి కాకపోతే మరి దేని గురించి? ఎవరో చెవిలో ఊదబట్టే కదా!

మనుషుల్ని మేము తయారుచేస్తాం, వండి వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నట్టు మీరు ఎత్తుకుపోతారు. ఇదేనా మీరు దేశాన్ని నిలబెట్టడం? మేస్త్రి పేరు అక్కడ చెప్పింది నువ్వే. కాదని ఒట్టు పెట్టు.

అక్క

*

మార్చి 30

అక్కకి,

ఒట్టు పెట్టను. ఒట్టు పెడితేనే నమ్మేటట్టయితే మనిద్దరి మధ్య ఇంకేం మిగిలింది?

నీ ఉత్తరం వచ్చాక గోదాముకి ఫోన్ చేసి కనుక్కున్నాను. మేస్త్రి తనంతట తనే వచ్చి దరఖాస్తు పెట్టుకున్నాడు. కుటుంబానికి వైద్యం ఖర్చులు కంపెనీ భరిస్తుందా అన్నదొక్కటే అడిగాడట. వాడి కూతురికి చెవులు సరిగ్గా వినపడవు. నీకు తెలుసు కదా? తెలుసు. మరి నువ్వేం చేయగలిగావు?

కోపంగా రాస్తున్నానని నాకే తెలుస్తోంది. నేను ఎక్కడికి వెళ్ళినా దొంగనే. ఇక్కడ మా పైవాడు "మీ అక్కగారి షెడ్డు" అని ప్రతి మీటింగులో ఒక నవ్వు నవ్వుతాడు. అక్కడ నువ్వు "తమ్ముడుగారికి" అని రాస్తావు.

పోయినసారి నేను రాసింది ఎత్తిపొడుపు కాదు. తీసి మళ్ళీ చదువు. నెమ్మదిగా చదువు.

తమ్ముడు

*

మే 14

చిన్నోడికి,

మళ్ళీ చదవలేదు. చించి పొయ్యిలో వేశాను కాబట్టి చదవడానికి లేదు. అయినా ఇప్పుడు అక్షరం అక్షరం గుర్తొస్తోంది.

పోయిన వారం మీ కంపెనీ నుంచి కాగితం వచ్చింది. గోదాములోనే పెట్టెలు చేసే యంత్రం బిగించుకుంటున్నారట, ఇక మా సేవలు అవసరం లేదట, ఇన్నాళ్ళూ సహకరించినందుకు ధన్యవాదాలట. ధన్యవాదాలు కూడా అచ్చు వేసినవే, కింద సిరా చుక్క లేదు. షెడ్డులో కట్టి పెట్టిన పెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. అన్నిటి మీదా మీ కంపెనీ గుర్తే. ఎవరికీ అమ్మడానికి లేదు, ఆఖరికి పాత సామాన్లవాడు కూడా తడి తగిలిందని వంక పెట్టి సగం ధర అడిగాడు. కొత్త ఆడవాళ్ళిద్దరికీ ఇంక రావద్దని చెప్పాను.

నీకు ముందే తెలుసు. మార్చిలోనే తెలుసు. అదేదో "అక్కా, ఆర్డరు ఆగిపోతుంది" అని గట్టిగా రాసి చావచ్చు కదరా! "వదలకు", "అడగకు", "కాగితం మీద పెట్టలేను", ఇదేం భాష? నాకు చెప్పడానికి కూడా కంపెనీ నోరు అరువు తెచ్చుకోవాలా?

ఒళ్ళు మండి, ఇంట్లో కూర్చోలేక, కొవ్వొత్తులావిడ దగ్గరికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో మైనం కరిగించే గిన్నెలు, వెనక గదిలో సంసారం. నన్ను చూసి లేవలేదు.

"ఏం పెట్టెలక్కా, దారి తప్పావా?" అంది.

"పెట్టెలేమైనా కావాలేమోనని…"

"అప్పుడు కావాలన్నాను. 'తర్వాత చూద్దాంలే' అన్నావు. చూశావా?"

ఆవిడ పట్నంలో పెద్ద ఫ్యాక్టరీకి రాసిందట. ఐదువేల పెట్టెలకి తక్కువైతే ఇవ్వమన్నారట. "ఐదువేలు ఎక్కడ పెట్టుకోను, తలకింద దిండుగానా?" అంది. పాత పేపర్లలో చుట్టి పంపితే సగం విరిగి వెనక్కి వచ్చాయట. ఆ విరిగిన ముక్కలే ఇంట్లో వెలిగించుకుంటున్నారు. అన్నీ చెప్పి, చివరికి నా మొహం మీదే అంది: "నువ్వూ పెద్ద కంపెనీవే అయ్యావక్కా. కాకపోతే రేకుల కింద."

రేడియోలో నువ్వన్నదానికంటే ఇది గట్టిగా తగిలింది. అయినా నలభై పెట్టెలు చెప్పింది. నేనే కట్టి, నేనే తెచ్చివ్వాలట. సరేనన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే నెల పురపాలక సభ ఉంది. మీకు పన్ను మాఫీ ఇంకొన్నేళ్ళు పొడిగించాలట, లేకపోతే గోదాము ఎత్తేసి వేరే ఊరు పోతామని మీవాళ్ళు బెదిరించారట. మీ లారీలు తిరిగి తిరిగి మా వీధి గుంతలు పడింది, ఆ దుమ్ము నా అట్టల మీద పేరుకుంటోంది. ఆ గుంతలు ఎవరి డబ్బుతో పూడ్చాలి? నా డబ్బుతో, కొవ్వొత్తులావిడ డబ్బుతో! సభలో కంపెనీ తరఫున మాట్లాడేది నువ్వేనని ఊరంతా అంటోంది. నిజమేనా?

నేనూ వస్తున్నాను.

అక్క

*

మే 22

అక్కకి,

నిజమే. నేనే వస్తున్నాను. సొంత ఊరివాడు చెప్తే వింటారని నన్ను పంపుతున్నారు.

పెట్టెల సంగతి మార్చిలో చెవిన పడింది. బయటికి పొక్కితే ఉద్యోగం పోతుందని సంతకం పెట్టించుకున్నారు. ఆ భయంతోనే వంకరగా రాశాను. నీకు అర్థమవుతుందనుకున్నాను. నువ్వు కోపంలో ఉంటే నేరుగా చెప్పినదే అర్థం కాదు, వంకరగా చెప్పింది ఏమర్థమవుతుంది! ఆ యంత్రం వల్ల పెట్టె ఖర్చు మూడోవంతు తగ్గుతుంది, అది మాత్రం నిజం. ఆ తగ్గింది ఎవరి జేబులోకి పోతుందని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

సభకి నువ్వు రాకుండా ఉంటే నాకు తేలిక. రావద్దని చెప్పే హక్కు నాకు లేదు. వస్తే మాత్రం అందరి ముందు "చిన్నోడా" అని పిలవకు.

తమ్ముడు

*

జూన్ 8

చిన్నోడా,

సభలో పిలవలేదు కాబట్టి ఇక్కడ పిలుస్తున్నాను. మీ కారు నిన్ను ఎక్కించుకుని అటునుంచి అటే వెళ్ళిపోయింది. అక్క ఇల్లు రెండు వీధుల అవతల. గుమ్మం దాకా వచ్చి ఒక గ్లాసు నీళ్ళు తాగే తీరిక కూడా లేకపోయింది.

నువ్వు వేదిక మీద ఉన్నావు, మా వెనక వరసల్లో ఏం జరిగిందో నీకు తెలియదు. నువ్వు కాగితం చూసి మూడువందల కుటుంబాలని చదువుతున్నప్పుడు నా పక్కన చెప్పులాయన "చదవడం కూడా వాళ్ళు రాసిచ్చిందే" అని గొణిగాడు. నాకు ఆయన మీద కోపమొచ్చింది. నిన్ను తిడితే నేను తిట్టాలి, మధ్యలో ఆయనెవరు?

నా వంతు వచ్చింది. ఊరిని నిలబెట్టింది మాలాంటివాళ్ళమేనని, మా మనుషుల్ని మేము సొంతవాళ్ళలా చూసుకుంటామని నేను గొంతెత్తి చెప్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు కదా. అప్పుడే మేస్త్రి లేచాడు. గోదాము చొక్కా వేసుకుని వచ్చాడు. వాడు నాకు మద్దతుగా మాట్లాడతాడనుకున్నాను.

"అక్క మంచి మనిషండీ. నా కూతురికి వినపడదని చెప్తే అక్క ఏడ్చింది. గోదాములో ఎవరూ ఏడవలేదండీ. చెవి మిషను ఇచ్చారు. నాకు కావలసింది చెవి మిషనేనండీ" అని కూర్చున్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ముందు వాడి మీద కోపమొచ్చింది, తర్వాత నా మీద వచ్చింది. ఆ రెండు కోపాలూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నీ మీదకి తిప్పాను. అందుకే మళ్ళీ లేచి, "పన్ను కట్టమంటే నిజంగానే ఈ ఊరొదిలి పోతారా? ఔనో కాదో ఒక్క మాట చెప్పండి" అని అరిచాను.

నువ్వు నీళ్ళ గ్లాసు తీసుకున్నావు. తాగకుండానే కింద పెట్టావు. "పోము" అన్నావు. "ఓడరేవుకి ఇంతకంటే దగ్గర స్థలం ఎక్కడా దొరకదు. పన్ను కట్టినా కంపెనీ ఇక్కడే ఉంటుంది." నీ పక్కన కూర్చున్న పెద్దమనిషి కలం మూత పెట్టిన చప్పుడు నాకు వెనక వరసలోకి వినపడింది.

ఒరేయ్, నిన్ను నిజం ఎవరు చెప్పమన్నార్రా? నువ్వు "ఔను, పోతాం" అంటావు, ఆ అబద్ధాన్ని పట్టుకుని చీల్చి చెండాడదామని నేను లెక్కలన్నీ కొంగున కట్టుకుని వచ్చాను! చెప్పులాయన, మందులషాపాయన, అందరం ఎవరేం అనాలో కూడా పంచుకున్నాం. ఒక్క మాటతో మాకు పని లేకుండా చేశావు. మాఫీ రద్దయింది, రోడ్డు మీ కంపెనీయే వేయాలని తీర్మానమైంది, గోదాము ఎక్కడికీ పోలేదు, మేస్త్రి ఉద్యోగం అలాగే ఉంది. ఊరంతా నాకు దండం పెడుతోంది. నీకేమైందని ఒక్కరూ అడగలేదు. నిన్న మేస్త్రి వచ్చి గుమ్మం బయటే నిలబడి చెప్పాడు, నిన్ను తీసేశారట కదా. ఇంత అన్యాయమా! నిజం చెప్పినందుకు మనిషిని తీసేస్తారా? వాళ్ళ కంపెనీ కూలిపోను!

ఇంకొకటి. మేస్త్రి మాట నా బుర్రలోంచి పోవట్లేదు. బీమా ఆఫీసుకి వెళ్ళి, నా షెడ్డులో వాళ్ళకి వైద్యం పాలసీ కావాలని అడిగాను. లోపల కూర్చున్నవాడు "ముగ్గురికి పాలసీ ఏంటమ్మా" అని నవ్వాడు. వాడి బల్ల మీద గాజు పగలగొట్టకుండా బయటికొచ్చాను, అంతే సంతోషించు.

ఎలా ఉన్నావో రాయి. తిడుతూ అయినా సరే, రాయి.

అక్క

*

జూన్ 19

అక్కకి,

తీసేశారని కూడా సరిగ్గా చెప్పలేదు. పొద్దున గేటు దగ్గర కార్డు పెడితే పచ్చ దీపం వెలగలేదు. రోజూ నాకు సలాం కొట్టే కాపలా అతను కంప్యూటర్లో వెతికి, "సార్, మీ పేరు కనపడట్లేదు" అన్నాడు. పాపం, తప్పు తనది అన్నట్టు సిగ్గుపడ్డాడు. నా టీ కప్పు, గొడుగు అట్టపెట్టెలో పెట్టి గేటు దగ్గరికే పంపించారు. ఇన్నేళ్ళు నా కష్టం మీద వాళ్ళు ఎంత సంపాదించారు! నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట వచ్చింది. ఇప్పటికీ ఉంది.

నిజం చెప్పాలని అనుకుని రాలేదు. కాగితంలో "పోతాం" అనే ఉంది. కాగితం చూసి అబద్ధం చదవడం తేలిక. నీ మొహం చూసి ఆడటం కుదరలేదు, అంతే. నన్ను గొప్పవాణ్ణి చేయకు.

అలాగని నువ్వు గెలిచావనీ అనుకోకు. ఆ చెవి మిషను ఎవరు చేశారు? ఏళ్ళ తరబడి పరిశోధన చేయగలిగిన ఓ పెద్ద కంపెనీ. రేకుల షెడ్డులో అవదు. నన్ను తీసేసిన కంపెనీని నీచమంటాను. పెద్ద కంపెనీలన్నీ నీచమని మాత్రం అనను. వేరేచోట ఉద్యోగానికి రాశాను, అదీ పెద్దదే. నీకు కోపమొస్తుందని తెలుసు.

బీమావాడి సంగతి నాకు తెలుసు. వందమందికి తక్కువైతే వాళ్ళు పాలసీ ఇవ్వరు. నీ షెడ్డు పేరుతో వెళ్ళకు. చెప్పులాయన, కొవ్వొత్తులావిడ, కుట్టు మిషన్లవాళ్ళు, అచ్చాఫీసు, బేకరీ, అందరినీ కలిపి ఒక సంఘంగా నమోదు చేయించు. సంఘం పేరుతో వెళ్తే కాదనడానికి వీల్లేదు. ప్రతి మనిషీ నిజంగా పనిచేస్తూ ఉండాలి, జీతం నెలనెలా రాసి ఉండాలి. జీతం నోటితో చెప్పి చేతిలో పెట్టే మీ పద్ధతి ఇక మానాలి.

చూశావా, వందమంది కలిస్తే మీరూ పెద్దవాళ్ళే అవుతున్నారు. నేను మొదటినుంచీ చెప్తున్నది ఇదే.

తమ్ముడు

*

జూలై 6

చిన్నోడా,

నువ్వు మొదటినుంచీ చెప్తున్నది అది కాదు. నువ్వు చెప్పింది మేము దండగ అని. వందమంది చిన్నవాళ్ళు కలిస్తే వందమంది చిన్నవాళ్ళు అవుతారు, మీ కంపెనీ అవ్వరు. మీ కంపెనీలో గుమ్మం దగ్గర కార్డు వెలగకపోతే మనిషి లేనట్టే. మా సంఘంలో ఎవరైనా రాకపోతే వాళ్ళింటికి మనిషి వెళ్తాడు.

కానీ నువ్వు చెప్పినట్టే చేశాను. వీధి వీధీ తిరిగాను. ఒక్కొక్కరితో ఒక్కొక్క గొడవ. బేకరీ ఆయన "పనివాళ్ళకి రోగాలొస్తే నాకేంటి" అన్నాడు, ఆయన భార్య లోపలినుంచి వచ్చి ఆయన చేతిలో కాగితం లాక్కుని సంతకం పెట్టింది. కుట్టు మిషన్లవాళ్ళలో ఒకావిడ ఎన్నాళ్ళుగానో దగ్గుతూనే పనిచేస్తోంది, డాక్టరు మొహం చూడలేదు. ఆవిడ చెప్తుంటే నాకు ఏడుపొచ్చింది. వెంటనే మేస్త్రి గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుని ఆవిడ పేరు రాసుకున్నాను.

అంతా కలిపితే వందకి సరిపోయారు. ఇక రేపు ఆఫీసుకి వెళ్దామనుకుంటుండగా, సంఘానికి అధ్యక్షులు ఎవరన్న దగ్గర చెప్పులాయనకీ కొవ్వొత్తులావిడకీ మాటా మాటా పెరిగింది. ఆయన కలం తీసి తన పేరు కొట్టేసుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులు బతిమాలాను. ఆయన మనుషులు ఉంటారట, ఆయన మాత్రం ఉండడట. అంత పౌరుషం చెప్పులు కుట్టేటప్పుడు ఉంటే కుట్లు ఊడకుండా ఉండేవి.

వందకి ఒక్కరు తగ్గారు, అందుకని ఆయన చోట నీ పేరు రాశాను. అట్టపెట్టెల షెడ్డు, లెక్కలు చూసే పని, నెల జీతం. ఎంత రాశానో చెప్పను, చూస్తే నవ్వుతావు. నీ కొత్త ఉద్యోగం ఇంకా రాలేదు కదా, వస్తే అప్పుడు మానేసి పో. ఎవరినీ పట్టి ఉంచే అలవాటు నాకు లేదు, మేస్త్రిని ఉంచానా? కానీ పేరు రాశాక పని చేయకపోతే అది దొంగ లెక్క అవుతుంది. అలాంటిది నా షెడ్డులో జరగనివ్వను. బీమావాడు పదిహేనో తారీఖున వచ్చి అందరినీ చూస్తానన్నాడు. అప్పటికి నువ్వు బల్ల ముందు కూర్చుని ఉండాలి.

అడగకుండా రాశానని మండిపడతావని తెలుసు. మండిపడు. పెద్ద కంపెనీలే గొప్పవని వాదించాలనుంటే వచ్చి వాదించు. ఇక్కడ నిన్నెవరూ గేటు దగ్గర ఆపరు. పొద్దున ఎనిమిదింటికి వచ్చి, పని చేస్తూ వాదించు.

అక్క